ప్రాక్టీసు కోర్టులో రిఫరీ ఉండడు

2022 అక్టోబరు 5న శాన్‌ఫ్రాన్సిస్కోలో, అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడే గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టు ప్రాక్టీసు కోర్టులో జరిగిన ఒక ఘటన వీడియో రెండు రోజుల్లోనే బయటికి వచ్చింది. అందులో మాటలు వినపడవు. డ్రేమండ్ గ్రీన్ నడుచుకుంటూ వెళ్లి, తన జట్టువాడే అయిన జోర్డాన్ పూల్ ఎదుట ఛాతీకి ఛాతీ తగిలేంత దగ్గరగా నిలబడతాడు. పూల్ అతణ్ని వెనక్కి నెడతాడు. మరుక్షణంలో గ్రీన్ పిడికిలి పూల్ ముఖం మీద పడుతుంది. పూల్ కుప్పకూలిపోతాడు. అప్పటికి గ్రీన్ వయసు 32 ఏళ్లు. జట్టు గెలిచిన నాలుగు ఛాంపియన్‌షిప్‌లలోనూ అతనే రక్షణకు వెన్నెముక, 2017లో లీగ్ మొత్తంలోనే ఉత్తమ డిఫెన్సివ్ ఆటగాడు. పూల్ వయసు 23 ఏళ్లు. అంతకు కొద్ది నెలల ముందే తొలి ఛాంపియన్‌షిప్ రుచి చూసిన కుర్రవాడు.

ఈ దెబ్బకు గ్రీన్ అనుభవించిన శిక్ష ఇది: జట్టు జరిమానా వేసింది, ఆ మొత్తం ఎంతో బయటపెట్టలేదు. అతను సుమారు వారం రోజులు జట్టుకు దూరంగా ఉన్నాడు. ఈ దెబ్బ కారణంగా సీజన్‌లో ఒక్క మ్యాచ్‌కూ దూరం కాలేదు. అక్టోబరు 18న తొలి మ్యాచ్‌కు ముందు, నిండిన స్టేడియంలో, ఛాంపియన్‌షిప్ ఉంగరం అందుకున్నాడు. ఆ రాత్రే ఆడాడు కూడా.

ఏడాది తిరిగాక 2023 నవంబరు 14న అదే గ్రీన్ మిన్నెసోటా ఆటగాడు రూడీ గోబేర్ మెడ చుట్టూ చేయి బిగించి ఈడ్చాడు. లీగ్ ఐదు మ్యాచ్‌ల వేటు వేసింది. దాంతో అతను పోగొట్టుకున్న జీతం సుమారు 7.7 లక్షల డాలర్లు. సరిగ్గా నాలుగు వారాలకు, డిసెంబరు 12న, ఫీనిక్స్ ఆటగాడు యూసుఫ్ నుర్కిచ్ ముఖాన్ని తిరుగుతూ చేత్తో కొట్టాడు. ఫౌల్ రాబట్టుకోవాలన్న ప్రయత్నంలో అలా జరిగిందే తప్ప కావాలని కొట్టలేదని చెప్పి క్షమాపణ కోరాడు. లీగ్ వినలేదు. ఈసారి గడువు లేని సస్పెన్షన్ విధించింది. అది ఎత్తివేసేసరికి 12 మ్యాచ్‌లు గడిచిపోయాయి.

మనిషి ఒక్కడే. ప్రత్యర్థి మీద చేయి చేసుకున్నప్పుడు 5 మ్యాచ్‌లు, 12 మ్యాచ్‌లు. సొంత జట్టులోని చిన్నవాణ్ని నేల కూల్చినప్పుడు సున్నా. ఈ తేడాను గ్రీన్ కోపిష్ఠితనంతో వివరించలేం. కోపం మూడు చోట్లా ఉంది. తేడా అంతా దెబ్బ తిన్నది ఎవరు, దాన్ని చూసి తీర్పు చెప్పాల్సిన బాధ్యత ఎవరిది అన్న దగ్గర ఉంది.

కోర్టులో హద్దు మీరిన ఆటగాడికి నిబంధనల పుస్తకంలో స్పష్టమైన లెక్కలున్నాయి. దూషణకు, రిఫరీతో తగాదాకు టెక్నికల్ ఫౌల్ పడుతుంది. సీజన్‌లో మొదటి ఐదింటికి ఒక్కోదానికి 2,000 డాలర్ల జరిమానా. అక్కణ్నుంచి మెట్టు మెట్టుగా పెరిగి, పదహారో దానికి 5,000 డాలర్లు, పైగా ఒక మ్యాచ్ నిషేధం. అనవసరమైన శారీరక దాడిని ఫ్లేగ్రెంట్ ఫౌల్ అంటారు. దానిలో మొదటి రకానికి ఒక పాయింటు, తీవ్రమైన రెండో రకానికి రెండు పాయింట్లు, వెంటనే కోర్టు నుంచి బహిష్కరణ. ఛాంపియన్‌ను తేల్చే సీజన్ చివరి పోటీలైన ప్లేఆఫ్స్‌లో ఈ పాయింట్లు మూడు దాటితే తర్వాతి మ్యాచ్ ఆడే వీలుండదు.

ఈ లెక్క ఎంత కఠినంగా పనిచేయగలదో 2016లో గ్రీనే చూపించాడు. ఆ ప్లేఆఫ్స్‌లో అతని ఖాతాలో ఒక మొదటి రకం ఫౌల్ అప్పటికే ఉంది. ఆ తర్వాత ఓక్లహోమా సిటీ ఆటగాడు స్టీవెన్ ఆడమ్స్‌ను తొడల మధ్య తన్నినందుకు రెండు పాయింట్లు, 25,000 డాలర్ల జరిమానా. ముందుగా నాలుగు గెలిచినవాళ్లకే ఛాంపియన్‌షిప్ దక్కే ఫైనల్స్ నాలుగో మ్యాచ్‌లో క్లీవ్‌లాండ్ తార లెబ్రాన్ జేమ్స్‌తో జరిగిన తోపులాటలో మరొకటి చేరి నాలుగయ్యాయి. ఐదో మ్యాచ్‌కు గ్రీన్ లేడు. అప్పటికి 3-1 ఆధిక్యంలో ఉన్న వారియర్స్ ఆ మ్యాచ్ ఓడింది, ఆరోదీ ఓడింది, ఏడోదీ ఓడింది. ఫైనల్స్ చరిత్రలో 3-1 ఆధిక్యాన్ని పోగొట్టుకున్న తొలి జట్టుగా మిగిలింది. ఏడో మ్యాచ్‌లో గ్రీన్ 32 పాయింట్లు సాధించాడు. అంత బాగా ఆడగలవాడు ఐదో మ్యాచ్‌లో బయట కూర్చోవలసి రావడమే ఆ శిక్ష అసలు బరువు. అంత పెద్ద తారను, అంత పెద్ద వేదిక మీద, లీగ్ వదల్లేదు. ఇది లీగ్‌కు గౌరవం తెచ్చే నిర్ణయమే.

కానీ ఈ లెక్కలన్నీ మ్యాచ్‌కే. ఎదుటి జట్టు ఆటగాడిని, రిఫరీని, ప్రేక్షకుణ్ని కాపాడటానికి పుట్టినవి. తారగా ఉన్న ఆటగాడు నెలల తరబడి, రోజూ ఉదయం, ఒకే గదిలో, ఒకే బస్సులో, ఒకే విమానంలో కలిసి ఉండే సహచరుణ్ని ఏం చేసినా ఆ పుస్తకంలో దానికి పాయింట్లు లేవు. ప్రాక్టీసు కోర్టులో మూడు జతల కళ్లతో కనిపెట్టే రిఫరీలు ఉండరు.

ఇక్కడ రెండు విషయాలను విడదీయాలి. దూకుడు వేరు, దౌర్జన్యం వేరు. బాస్కెట్‌బాల్‌లో ఒళ్లు ఒళ్లు రాసుకోక తప్పదు. రింగుకు తగిలి వెనక్కి వచ్చే బంతి (రీబౌండ్) కోసం మోచేతులు తగులుతాయి, నోటి మాటలతో ఎదుటివాణ్ని రెచ్చగొట్టడం ఆటలో భాగంగానే చలామణీ అవుతుంది. 1980ల చివర్లో డెట్రాయిట్ పిస్టన్స్ మొరటుతనాన్నే ఆటతీరుగా చేసుకుని రెండు ఛాంపియన్‌షిప్‌లు గెలిచింది. 1991లో షికాగో చేతిలో ఓడినప్పుడు ఆ జట్టు ఆటగాళ్లలో పలువురు గడియారం ఆగకముందే, కరచాలనం చేయకుండా కోర్టు విడిచి వెళ్లిపోయారు. అది క్రీడాస్ఫూర్తి లేని పని, నిస్సందేహంగా. కానీ దౌర్జన్యం కాదు. షికాగో ఆటగాళ్లకు దానివల్ల పోయింది ఏమీ లేదు. సమానబలం ఉన్నవాళ్ల మధ్య మర్యాద తప్పింది, అంతే.

దౌర్జన్యానికి అసమానత కావాలి. కొట్టినవాడికి జట్టులో పరపతి ఉండాలి, దెబ్బ తిన్నవాడికి తిరిగి అనే వీలుండకూడదు. అన్నా, కోచ్ ఎటువైపు మొగ్గుతాడో అందరికీ తెలిసి ఉండాలి. ప్రత్యర్థి నలభై ఎనిమిది నిమిషాలు భరిస్తే చాలు, ఇంటికి వెళ్లిపోతాడు. సహచరుడు మర్నాడు ఉదయం మళ్లీ అదే తలుపు తోసుకుని లోపలికి రావాలి. బాధితుడు తప్పించుకోలేని చోట ఒక్క దెబ్బ కూడా ఒక్క దెబ్బగా మిగిలిపోదు. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి అన్న సామెతలో ఉన్న మనస్తత్వం ఇదే: చేయి లేచేది కోపం వచ్చిన ప్రతిసారీ కాదు, లేపినా ఏమీ కాదని నమ్మకం ఉన్నప్పుడు.

ఆ నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో గ్రీన్ చరిత్రలోనే మరో ఘటన చెబుతుంది. 2018 నవంబరులో క్లిప్పర్స్‌తో మ్యాచ్ చివరి క్షణాల్లో బంతి తనకు ఇవ్వలేదని సహచరుడు కెవిన్ డ్యురాంట్ అతని మీద ఆగ్రహించాడు. ఆ తర్వాత లాకర్ రూమ్‌లో గ్రీన్ మాటలతో డ్యురాంట్ మీద విరుచుకుపడ్డాడు. చేయి ఎత్తలేదు. అయినా వారియర్స్ యాజమాన్యం, జట్టుకు హాని చేసే ప్రవర్తన అంటూ, అతణ్ని జీతం లేకుండా ఒక మ్యాచ్‌కు సస్పెండ్ చేసింది. సుమారు 1.2 లక్షల డాలర్లు పోయాయి. డ్యురాంట్ అప్పటికి రెండుసార్లు ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడు. పైగా మరుసటి వేసవిలో జట్టును విడిచి వెళ్లే స్వేచ్ఛ చేతిలో ఉన్నవాడు.

అదే యాజమాన్యం, అదే కోచ్. డ్యురాంట్‌ను తిడితే ఒక మ్యాచ్ పోయింది. పూల్‌ను కొడితే ఏ మ్యాచ్ పోలేదు. ఈ రెండు నిర్ణయాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, శిక్షను తూచింది నేరంతో కాదని, బాధితుడి స్థాయితో అని అర్థమవుతుంది. చెప్పడానికి చేదుగా ఉన్నా ఇంకో మాట దొరకదు.

అవతలి పళ్లెంలో మరో ఉదాహరణ ఉంది. 2017 అక్టోబరు 17న షికాగో బుల్స్ ప్రాక్టీసులో బాబీ పోర్టిస్ సహచరుడు నికోలా మిరోటిచ్‌ను ముఖం మీద కొట్టాడు. మిరోటిచ్ ముఖంలో ఎముకలు విరిగాయి, తలకు అదురు దెబ్బ తగిలింది. బుల్స్ పోర్టిస్‌ను ఎనిమిది మ్యాచ్‌లకు సస్పెండ్ చేసింది. అక్కడ గాయం చాలా పెద్దది, కాబట్టి రెండు ఘటనలూ అచ్చంగా ఒకటే అనలేం. కానీ గాయం ఎంత అన్నది చాలావరకు పిడికిలి ఎక్కడ తగిలిందన్న యాదృచ్ఛికం. ఉద్దేశం రెండు చోట్లా ఒకటే. పోర్టిస్ అప్పటికి మూడో సీజన్‌లోకి అడుగుపెడుతున్న యువ ఆటగాడు. అతను లేకపోతే జట్టు ఆట ఆగిపోదు. ఎనిమిదికి, సున్నాకు మధ్య దూరంలో ఎముకల వాటా కొంత ఉంటే, హోదా వాటా కూడా కొంత ఉంది.

మరో పోలిక కూడా గమనించదగ్గది. మిరోటిచ్‌ను 2018 ఫిబ్రవరిలో న్యూ ఓర్లీన్స్‌కు పంపేశారు. పూల్‌ను 2023 వేసవిలో వాషింగ్టన్‌కు పంపేశారు. ఆ వేసవిలోనే గ్రీన్‌తో వారియర్స్ నాలుగేళ్లకు 10 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఈ బదిలీల వెనుక జీతాల లెక్కలు, ఆటతీరు, జట్టు భవిష్యత్తు వంటి కారణాలు ఎన్నో ఉంటాయి. వాటిని పక్కన పెట్టలేం. అయినా రెండు చోట్లా మొదట పెట్టె సర్దుకున్నది దెబ్బ తిన్నవాడే.

ఇంకా వెనక్కి వెళితే శిక్షల మెట్లు మరింత స్పష్టంగా కనిపిస్తాయి. 1997 డిసెంబరులో లాట్రెల్ స్ప్రీవెల్, ఇదే గోల్డెన్ స్టేట్ జట్టు ప్రాక్టీసులో, కోచ్ పి.జె. కార్లెసిమో గొంతు పట్టుకున్నాడు. మొదట ఒప్పందం రద్దు చేసి, ఏడాది నిషేధం విధించారు. మధ్యవర్తి తీర్పుతో అది 68 మ్యాచ్‌లకు తగ్గింది. అదే ఏడాది జనవరిలో డెనిస్ రాడ్‌మన్ కోర్టు పక్కన కూర్చున్న కెమెరామన్‌ను తన్నినందుకు 11 మ్యాచ్‌లు కోల్పోయాడు. అంటే లీగ్‌కు ప్రాక్టీసులో జరిగినది కనిపించదని కాదు. కోచ్ మీద చేయి పడితే కనిపించింది. అధికారం ఉన్నవాడి మీద దాడి వ్యవస్థ మీద దాడి అవుతుంది. కుర్ర సహచరుడి మీద దాడి మాత్రం ఇంటి గొడవ అవుతుంది.

పూల్ ఘటనలో కూడా మొదట వినిపించిన మాట అదే. వీడియో బయటికి రాకముందు జట్టు బాస్కెట్‌బాల్ వ్యవహారాల అధ్యక్షుడు బాబ్ మైయర్స్, వృత్తి క్రీడల్లో ఇలాంటివి జరుగుతుంటాయన్న ధోరణిలో మాట్లాడాడు. వీడియో వచ్చాక కోచ్ స్టీవ్ కెర్, తాను జట్టు పగ్గాలు చేపట్టాక ఎదుర్కొన్న అతిపెద్ద సంక్షోభం ఇదేనన్నాడు. ఆ రెండు మాటల మధ్య జరిగిన దానిలో కొత్త సంగతి ఏదీ లేదు. దెబ్బ అదే, మనుషులు వాళ్లే. లోకం చూడటం ఒక్కటే కొత్త. జట్టు తన శక్తిలో కొంత ఆ వీడియోను ఎవరు బయటపెట్టారన్న విచారణ మీద కూడా పెట్టింది. కెమెరా లేని రోజుల్లో ఇలాంటి దెబ్బలు ఎన్ని మూసిన తలుపుల వెనుక ఉండిపోయాయో అన్న ఆందోళన ఇక్కడే కలుగుతుంది.

కెర్ స్థానంలో ఇంకెవరున్నా ఈ కథకు ఇంత లోతు వచ్చేది కాదు. ఎందుకంటే ఆటగాడిగా ఉన్న రోజుల్లో అతనూ సహచరుడి చేతిలో దెబ్బ తిన్నవాడే. 1995లో సీజన్‌కు ముందు షికాగో శిక్షణ శిబిరంలో మైకేల్ జోర్డాన్ అతని కంటి మీద కొట్టాడు. కోచ్ ఫిల్ జాక్సన్ జోర్డాన్‌ను ప్రాక్టీసు నుంచి పంపేశాడు. ఆ రోజే జోర్డాన్ ఫోను చేసి క్షమాపణ చెప్పాడు. ఆ సీజన్‌లో బుల్స్ 72 మ్యాచ్‌లు గెలిచింది. 1997 ఫైనల్స్ ఆరో మ్యాచ్ చివరి క్షణాల్లో జోర్డాన్ బంతిని కెర్‌కే అందించాడు. కెర్ వేసిన ఆ బంతి ఛాంపియన్‌షిప్‌ను ఖాయం చేసింది. ఆ గొడవ తర్వాతే జోర్డాన్ తనను నమ్మడం మొదలుపెట్టాడని కెర్ చాలాసార్లు చెప్పాడు.

అందమైన కథ. ప్రమాదకరమైన కథ కూడా. గొప్పవాళ్ల దౌర్జన్యాన్ని సమర్థించేవాళ్లు మొదట ఎత్తి చూపేది దీన్నే: కొట్టాడు, కాబట్టి కలిశారు, కాబట్టి గెలిచారు. కానీ ఈ కథను చెప్పగలుగుతున్నది నిలబడినవాడు. కెర్ అప్పటికే ముప్పయ్యవ ఏట ఉన్న అనుభవజ్ఞుడు, ఆ గొడవలో ఎదురు తిరిగినవాడు, ఆటగాళ్ల సంఘంలో జట్టు తరఫు ప్రతినిధి. అదే జోర్డాన్ తర్వాత వాషింగ్టన్ జట్టు వ్యవహారాలు చూస్తూ 2001 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతుల వారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) మొట్టమొదటి ఎంపికగా క్వామే బ్రౌన్‌ను తీసుకున్నాడు. హైస్కూలు నుంచి నేరుగా వచ్చి మొదటి స్థానంలో ఎంపికైన తొలి ఆటగాడు అతను, వయసు 19. ఆ తర్వాత జోర్డాన్ తనే ఆటగాడిగా తిరిగివచ్చి అతని పక్కన నిలబడ్డాడు. ఆ కుర్రవాడి మీద పడిన కటువైన ఒత్తిడి గురించి ఆ రోజుల్లోనే ఎన్నో కథనాలు వచ్చాయి. బ్రౌన్ ఎన్నడూ తార కాలేకపోయాడు. దానికి కారణం జోర్డాన్ ఒక్కడే అనడం అన్యాయం. కానీ కాఠిన్యం మనిషిని పదును పెడుతుందని కెర్‌ను చూపించేవాళ్లు, అదే లెక్కలో బ్రౌన్‌ను కూడా చూపించాలి.

ఈ విషయంలో అనుభవ కథల కన్నా గట్టి ఆధారం కూడా ఉంది. 2016లో ప్రచురితమైన ఒక పరిశోధన ఎన్‌బీఏ కోచ్‌లను, వాళ్ల కింద ఆడినవాళ్లను ఏళ్ల తరబడి లెక్కలతో పరిశీలించింది. దూషించే, అవమానించే కోచ్ కింద ఆడినవాళ్లు ఆ తర్వాతి కెరీర్‌లో కూడా ఎక్కువ టెక్నికల్ ఫౌళ్లు చేశారని, వాళ్ల ఆట సామర్థ్యం తగ్గిందని అందులో తేలింది. అది కోచ్‌ల గురించి, సహచరుల గురించి కాదు. అయినా పైవాడి చేతిలో అవమానం మనిషిని రాటుదేల్చుతుందన్న నమ్మకానికి ఆ ఫలితం నేరుగా ఎదురు నిలుస్తుంది.

గ్రీన్‌ను సమర్థించేవాళ్ల బలమైన వాదన ఇంకొకటి ఉంది. ఆ మంట లేకపోతే ఆ ఆటగాడే లేడంటారు. 2012 డ్రాఫ్ట్‌లో 35వ స్థానంలో ఎంపికైనవాడు, తన స్థానంలో ఆడేవాళ్లకన్నా పొట్టివాడు, ఆ కసి ఉన్నందువల్లే ఈ స్థాయికి ఎదిగాడంటారు. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయడం సరికాదు. కోర్టులో అందరి కన్నా ముందు ప్రమాదాన్ని పసిగట్టి, అరిచి, నలుగురినీ సరైన చోట నిలబెట్టే అతని తెలివి ఆ ఉద్వేగంతో పెనవేసుకుని ఉంది. పాలిచ్చే ఆవు తన్నినా భరించాలన్న లెక్కతోనే జట్టు అన్నేళ్లు సర్దుకుపోయింది.

కానీ ఈ వాదన ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. ఆ మంట అదుపు తప్పేది నిజమే అయితే డ్యురాంట్ ముందు మాటల దగ్గరే ఎందుకు ఆగింది? జట్టులో అందరికన్నా పెద్ద తార స్టెఫెన్ కర్రీ మీదికి ఎందుకు ఎగబాకదు? ఆగాల్సిన చోట ఆగగలుగుతోందంటే అదుపు ఉన్నట్టే. ఇక మంట లేకుండా గెలవలేమన్న మాటకు శాన్ ఆంటోనియో స్పర్స్ ఆటగాడు టిమ్ డంకన్ జీవితమే జవాబు. ఐదు ఛాంపియన్‌షిప్‌లు గెలిచిన తార, కోచ్ గ్రెగ్ పోపోవిచ్ అందరి ముందూ తనను మందలిస్తుంటే నోరు మెదపకుండా విన్నాడు. డంకనే మందలింపు భరిస్తే జట్టులో మిగతావాళ్లు భరించకుండా ఎలా ఉంటారని పోపోవిచ్ పలుమార్లు చెప్పాడు. తార పరపతి పక్కవాడికి రక్షణ కూడా కాగలదని ఆ జట్టు పందొమ్మిదేళ్లు చూపించింది.

వారియర్స్‌కు ఆ 2022-23 సీజన్ ఎలా గడిచిందో గణాంకాల్లో ఉంది. సొంతగడ్డ మీద 33 గెలుపులు, 8 ఓటములు. బయట 11 గెలుపులు, 30 ఓటములు. ప్లేఆఫ్స్ రెండో రౌండ్‌లోనే లేకర్స్ చేతిలో ఇంటిముఖం పట్టింది. ఆ వేళ కెర్ దాచుకోకుండా ఒప్పుకున్నాడు: అక్టోబరులో జరిగినది ఆ సీజన్ మీద ప్రభావం చూపింది, నమ్మకం పోయినచోట పని కష్టమైంది. సస్పెండ్ చేస్తే జట్టు బలహీనపడుతుందని భయపడినవాళ్లు, చేయకపోయినా బలహీనపడిన సంగతి మే నెలకు తెలుసుకున్నారు.

మరి లీగ్ జోక్యం చేసుకోలేదా? చేసుకోవచ్చు. 2009 డిసెంబరులో వాషింగ్టన్ లాకర్ రూమ్‌లోకి గిల్బర్ట్ అరీనాస్, జవారిస్ క్రిటెంటన్ తుపాకులు తెచ్చినప్పుడు లీగ్ అధిపతి (కమిషనర్) డేవిడ్ స్టెర్న్ ఇద్దరినీ మిగిలిన సీజన్ మొత్తానికి సస్పెండ్ చేశాడు. అది మ్యాచ్ కాదు, సహచరుల మధ్య గొడవే. ఆటగాళ్ల సంఘంతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఒకే తప్పుకు లీగ్, జట్టు రెండూ శిక్ష వేయకూడదు. లీగ్ వేస్తే జట్టు వేసినది చెల్లదు. అంటే జట్టు జరిమానాను పక్కన పెట్టి తానే తీర్పు చెప్పే దారి లీగ్‌కు ఉంది. 2022లో ఆ దారిలో వెళ్లలేదు. లాభనష్టాలు తనవే అయిన జట్టును తన తార మీద తీర్పు చెప్పమని వదిలేసింది. ఆటగాళ్ల సంఘం కూడా ఇక్కడ ఇరకాటంలో పడుతుంది. కొట్టినవాడూ, దెబ్బ తిన్నవాడూ ఇద్దరూ దాని సభ్యులే, శిక్ష తగ్గించమని వాదించడానికి దానికి అలవాటైన దారి ఉంది కానీ శిక్ష వేయమని అడగడానికి లేదు. సహచరుడి మీద చేయి ఎత్తిన ప్రతి ఘటనా తప్పనిసరిగా లీగ్ విచారణకు వెళ్లాలన్న నిబంధన ఒక్కటి చేరితే, కోచ్‌కూ యాజమాన్యానికీ ఈ అసాధ్యమైన తూకం తప్పుతుంది. ప్రత్యర్థి మెడకు ఉన్న విలువ సహచరుడి ముఖానికీ వస్తుంది.

2023 డిసెంబరు 22న జోర్డాన్ పూల్ వాషింగ్టన్ జట్టుతో శాన్‌ఫ్రాన్సిస్కోకు తిరిగివచ్చాడు. స్టేడియం తెర మీద అతని పాత జ్ఞాపకాలు వేశారు. ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి డ్రేమండ్ గ్రీన్ కోర్టులో లేడు. మరో జట్టు ఆటగాడి ముఖం మీద కొట్టినందుకు సస్పెన్షన్‌లో ఉన్నాడు.